ఏడాదికొకసారి మింగిన గొట్టం

తిరువళ్ళూరు–తిరుత్తణి బస్సులో కండక్టరుగా చేరేనాటికే నాకు ఛాతీలో మంట ఉండేది. టికెట్టు ఇవ్వడానికి వంగితే చాలు, పుల్లటి నీళ్ళు గొంతులోకి ఎగదన్నేవి. మింగేసి విజిల్ ఊదేవాణ్ణి. వేళకు తిండి లేనివాళ్ళందరికీ ఉండేదే అనుకుని, జేబులో సోడా ఉప్పు పొట్లం పెట్టుకుని పదేళ్ళు నెట్టుకొచ్చాను.

ఎనభైల మొదట్లో ఒకరోజు దారిలో కనకమ్మ సత్రం అనే ఊళ్ళో బస్సు ఆగినప్పుడు ఇడ్లీ తింటున్నాను. రెండో ముక్క రొమ్ము నడుమ ఆగిపోయింది. నీళ్ళు తాగితే నీళ్ళూ వెనక్కి వచ్చాయి. డ్రైవరన్న దిగి వచ్చి వీపు నిమిరాడు. కాసేపటికి ముక్క దానంతటదే దిగింది. మిగిలిన ఇడ్లీ ఆకులోనే వదిలేసి బస్సెక్కాను.

మా నాయన పోయింది అట్లాగే. మొదట సంగటి దిగలేదు, తర్వాత గంజి, ఆఖరికి మంచినీళ్ళు. ఆ వరస నాకు తెలుసు. అందుకే ఇంట్లో చెప్పలేదు. అన్నం మజ్జిగలో మెత్తగా పిసుక్కుని తాగుతుంటే నా భార్య చూసింది.

"ఏం మామా, పండ్లు నొస్తాండాయా?"

"ఎండకు ముద్ద దిగల్యా."

"ఈ వానల్లో ఎండ యాడుండాది?"

రెండు రోజుల తర్వాత పొద్దున్నే తిరుత్తణి బస్టాండులో మా బస్సు ముందు సీట్లో ఆమె కూర్చుని ఉంది, ఒళ్ళో గుడ్డ సంచి.

"తిరువళ్ళూరికి రెండు టికెట్లు కొట్టు. ఒగటి నాకు, ఒగటి నీకు. ఆడ రైలెక్కి మద్రాసు ఆస్పత్రికి పోతాండాం."

డ్రైవరన్న అద్దంలోంచి నన్ను చూసి తల తిప్పుకున్నాడు. చెప్పింది అతనే. నా బదులు ఇంకో కండక్టరును కూడా అతనే పిలిపించి పెట్టాడు.

ఆస్పత్రిలో గొంతు మొద్దుబారే మందు కొట్టి, ఎడమ పక్కకు పడుకోబెట్టి, వేలంత లావు నల్ల గొట్టం నోట్లోకి దించారు. మింగు, మింగు అని నర్సు తమిళంలో అంటూనే ఉంది. మంచం ఇనుప కమ్మీని పట్టుకుని మింగాను. లోపలినుంచి చిన్న ముక్కలు తీసి పరీక్షకు పంపారు.

ఫలితానికి పది రోజులు పట్టింది. ఆ పది రోజులూ డ్యూటీకి వెళ్ళాను. ఎవరికి ఎంత చిల్లర ఇచ్చానో నాకే తెలియదు.

"కేన్సరు కాదు," అన్నాడు డాక్టరు. "కానీ కడుపులోని పులుపు ఎగదన్ని తగిలి తగిలి, అన్నం దిగే గొట్టం లోపలి పొర మారిపోయింది. ఆ మార్పు ముదిరితే కేన్సరు కావచ్చు."

"ఎప్పటికవుతాది సార్?" అంది నా భార్య.

"అసలు కాకపోవచ్చు కూడా. ఏడాదికోసారి వచ్చి చూపించుకోవాలి."

ఉందనో లేదనో చెప్పి ఉంటే బాగుండేదనిపించింది.

పులుపు పైకి రాకుండా మంచం తలవైపు కోళ్ళ కింద ఇటుకలు పెట్టాం. మొదటి వారం తెల్లారేసరికి కాళ్ళ దగ్గరికి జారిపోయేవాణ్ణి. పొద్దు గుంకకముందే అన్నం, తిన్నాక మూడు గంటలు నడుం వాల్చకూడదు. మాత్రలు, కారం లేని కూడు. అన్నీ అలవాటయ్యాయి, బీడీ మానడం తప్ప. ఒకరోజు ఆమె నా చొక్కా వాసన చూసి పక్కన పడేసింది.

"ఆర్నెల్లాయె నేను మిరపకాయ ముట్టుకోక. నువ్వు చూసినావా?"

చూడలేదు. ఇంట్లో ఒక్కటే కూర వండుతోందని, తనూ అదే తింటోందని నాకు తట్టనే లేదు. బీడీ మానేశాను. రెండుసార్లు తప్పాను, మళ్ళీ మానేశాను.

నాలుగో ఏడు డాక్టరు కాగితం చాలాసేపు చూశాడు. కొన్ని కణాలు తేడాగా ఉన్నాయన్నాడు. మందు పెంచి, మూడు నెలల్లో రమ్మన్నాడు. ఆ మూడు నెలలు ఇంట్లో రేడియో పెట్టలేదు. పండక్కి పాండూరులో మా అక్క రమ్మన్నా వెళ్ళలేదు. ప్రతి ముద్దా దిగేదాకా నా భార్య నా గొంతు వైపే చూసేది. చూడొద్దని ఒకసారి కసిరాను. మరునాటినుంచి గోడవైపు తిరిగి కూర్చునేది. అది ఇంకా కష్టంగా ఉండేది.

మళ్ళీ గొట్టం, మళ్ళీ ముక్కలు, మళ్ళీ పది రోజులు. పాత మార్పే ఉంది, ముదరలేదు అన్నాడు డాక్టరు. వచ్చే ఏడు రమ్మన్నాడు.

తిరుగు రైల్లో ఆమె కిటికీకి తల ఆనించి నిద్రపోయింది. తిరువళ్ళూరులో దిగి మా బస్సెక్కాలి. లేపబుద్ధి కాలేదు. తిరువళ్ళూరు దాటి అరక్కోణం దాకా పోయి, అక్కడ తిరుత్తణి బండి పట్టుకున్నాం.