ఏడీవో లేకుండా వచ్చిన ఎల్లయ్య

బైబిల్లో గాడిద చేత కూడా మాట్లాడించిన దేవునికి స్తోత్రం! నా చేత ఇంగ్లీషు మాట్లాడించింది మాత్రం ఆయన కాదు, నా గర్వమే. కోరుట్లలో మా చర్చి సంఘాన్నంతా ఒకే ఒక్క మాటతో ఎలా ముంచానో చెబుతాను, వినండి.

ఆ రోజుల్లో మా వాడ మగవాళ్లలో సగం మంది గల్ఫ్‌లోనే ఉండేవారు. ఎల్లయ్య పనిచేసే కంపెనీ మూతపడింది. నెలల తరబడి అతని జాడ లేదు. ఒకరోజు అతని భార్య లచ్చవ్వ కంపెనీ ఉత్తరం పట్టుకొని వచ్చింది. సంఘంలో ఇంటర్ పాసైనవాణ్ణి నేనొక్కణ్ణే గనుక గొంతు సవరించుకున్నాను. ఉత్తరమంతా ఇంగ్లీషు పెద్దక్షరాలే. ఎల్లయ్యను ఇంటికి పంపుతున్నారని అర్థమైంది. కానీ చివర్లో ‘వితౌట్ ఫర్దర్ ఏ, డీ, ఓ’ అని ఉంది.

తెలియదని చెప్పే నోరే నాకుంటే, మీకీ కథ ఉండేది కాదు.

"అక్కా, బావను పంపుతున్నరు. కానీ ఏడీవో లేకుంట పంపుతున్నరట."

"గదేంది తమ్మీ?"

"కాయితం. పాస్‌పోర్టు లెక్కనే. అది లేకుంటే ఎయిర్‌పోర్టుల పట్టుకుంటరు."

"పట్టుకొని?"

"లోపలేస్తరు."

లచ్చవ్వ ఉన్నచోటే కూలబడింది.

మర్నాడు ఆమె, నేను జగిత్యాలలో ఆఫీసులన్నీ తిరిగాం. "ఏడీవోనా? పక్క కిటికీల అడుగుండ్రి" అన్నారు ప్రతి కిటికీలోనూ. తెలియదని చెప్పలేని వ్యాధి నా ఒక్కడిదే కాదన్నమాట! లచ్చవ్వ అన్నం మానేసింది. ఆమెతోపాటు సంఘమంతా మూడు దినాలు ఉపవాసం. "ప్రభువా, మా ఎల్లయ్యకు ఏడీవో దయచేయి!" అని అందరికంటే గట్టిగా మొరపెట్టింది నేనే.

ఆదివారం ఆ మొర మధ్యలోనే ఎల్లయ్య సంచితో చర్చి గుమ్మంలో నిలబడ్డాడు.

లచ్చవ్వ ఏడుస్తూ లేచింది. "ఏడీవో లేకుంట ఎట్లచ్చినవయ్యా? లోపలికి రా, పోలీసోళ్లు చూస్తరు!"

"గా ఏడీవో ఎవడే?" అన్నాడు ఎల్లయ్య.

ఆ రోజు వాక్యం చెప్పడానికి సిరిసిల్ల నుంచి వచ్చిన వృద్ధ పాస్టరయ్యగారు ఉత్తరం చూసి, కళ్లజోడు తీసి మెల్లగా నవ్వారు.

"బిడ్డా, గది కాయితం కాదు. ‘అడూ’ అని పాతకాలం మాట. ‘చేసేటి పని’ అనే అర్థంల ముందు ‘ఎట్’, ‘డూ’ అని రెండు మాటలుండె, అవే అతుక్కొని ఒక్కటైనయి. పని మీదపడ్డకాడ హడావుడే గదా, చివరికి గదే అర్థమైంది. ఇగ ఏ హడావుడి లేకుంట జల్ది పంపుతున్నమని రాసిండ్రు."

"అంటే అయ్యగారూ, మూడు దినాలు ఉపవాసముండి మేం అడిగింది..." అన్నాను నేను.

"హడావుడే! దేవుడు దండిగ ఇచ్చిండు గదా."

ఇదిగో, సంఘం ఎదుట ప్రమాణం చేస్తున్నాను: తెలియని మాటకు ఇకమీదట నా ఇంట్లో అర్థం పుట్టదు. చదివేవారలారా, మీరూ నాతో కలిసి ప్రార్థించండి: ప్రభువా, ‘నాకు తెలియదు’ అనే మాటను మా నోట సకాలంలో పలికించు. ఏ ఏడీవో లేకుండా. ఆమేన్.