ఎక్కడికని అడిగినవాళ్లు

సైకిల్ గుమ్మం బయట ఉంది. ఉమామహేశ్వరి గుమ్మం లోపల ఉంది. మధ్యలో జానెడు అరుగు. పొద్దున్న లేచిన దగ్గర్నుంచీ ఆ జానెడే దాటలేకపోతోంది.

ఈ రైల్వే బస్తీ బాగ్‌బేరాలో తెల్లవారడమంటే వెలుతురు రావడం కాదు, గూడ్సు యార్డులో ఒక వేగన్ ఇంకో వేగన్‌ని తాకడం. ఆ తాకిడి ఇళ్ల రేకుల మీదుగా, నీళ్ల బిందెల మీదుగా వచ్చి ఉమ మోకాళ్లలో ఆగుతుంది. వెళ్లేవన్నీ వెళ్లిపోతున్నట్టు, తనొక్కతే పట్టాల పక్కన కంకరలా మిగిలిపోతున్నట్టు ఉంటుంది.

ఆమెకి ముప్పై ఆరేళ్లు. గోవింద్‌పూర్ వైపు ఒక చిన్న కార్ఖానాలో పని. లారీ బ్రేక్ డ్రమ్ములు కొలిచి, బాగున్నవాటి మీద పచ్చరంగు చుక్క పెడుతుంది. సెలవు దొరికిందంటే సైకిల్‌కి రెండు వైపులా సంచులు కట్టుకుని ఒక్కతే పోతుంది. అలాగే కన్యాకుమారి చూసింది. స్పితి లోయలో, కరిగిన మంచుతో ముఖం కడుక్కుంది. తోడు ఎందుకు వద్దంటావంటే, తోడుంటే దారి వాళ్లతో మాట్లాడుతుంది, నాతో మాట్లాడదు అంటుంది.

కిందటి నవంబరులో సంబల్‌పూర్ దాటాక, పక్కనుంచి దూసుకుపోయిన లారీ గాలికి సైకిల్ ఊగి రాళ్లమీద పడింది. భుజం ఎముక విరిగింది. ఎముక అతుక్కుంది గానీ ఆ గాలి ఇంకా ఒంట్లోంచి పోలేదు. రోడ్డు మీద లారీ హారన్ వినపడితే గోడవైపు జరుగుతుంది. ఇవాళ బయల్దేరకపోతే ఇంకెప్పుడూ బయల్దేరనని ఆమెకి తెలుసు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

చివరికి అరుగు దిగింది. వీధి కుళాయి దగ్గర సింహాచలమ్మ బిందె కడుగుతోంది.

"ఓలే ఉమా, సంచులు కట్టీసినావు! ఎక్కడికే?"

కుళాయి నీళ్లు కూడా ఆగినట్టనిపించింది. బయల్దేరిన మనిషిని ఎక్కడికని అడగరు. అడిగితే ఆ ప్రయాణం అక్కడికి చెడినట్టే. వెనక్కి వచ్చి, కాసేపు కూర్చుని, మంచినీళ్లు తాగి మళ్లీ బయల్దేరాలి. తెలుసుకోవాలని ఉంటే "దూరమా?" అంటారు. పాలకొండ వైపు నుంచి వలస వచ్చినవాళ్ల ఈ వీధిలో పసిపిల్లలకి కూడా తెలిసిన మర్యాద అది.

ఉమ సైకిల్ వెనక్కి తిప్పింది.

తల్లి పైడమ్మ పీట వాల్చింది. చెంబుతో నీళ్లు తెచ్చింది. ఉమ పీట మీద కూర్చుని తాగింది. కాలు మాత్రం కూర్చోలేదు, నేలమీద పెడల్ తొక్కుతూనే ఉంది.

రెండోసారి వీధి మలుపు దాకా వెళ్లింది. అక్కడ మఫ్లర్ చుట్టుకుని, రైల్వేలో రిటైరైన అప్పలసూరి కుర్చీ వేసుకుని ఉన్నాడు.

"ఏటి ఉమా, సవారీ ఎక్కడికి?"

"మావా! నీకూ తెలీదా, అడక్కూడదని?"

"నోరు జారీసినాదే. ఎలాగూ జారినాది గదా, సెప్పీ. ఏ రోడ్డు?"

"జారిన నోరు ఇంకా ఆగలేదేంటి?"

"ఓలే, ఎనక్కి తిరక్కే! సెప్పీసి ఎల్లు!"

ఉమ అప్పటికే తిరిగింది. ఇంటి దగ్గరికి వచ్చేసరికి లోపలినుంచి సింహాచలమ్మ గొంతు వినపడింది. "నానడిగినానక్కా. అది నోరిప్పితే గదా!"

ఉమ గుమ్మంలో నిలబడిపోయింది.

"అమ్మా, యే క్యా హై? నన్ను ఆపడానికి వీధంతా కాపలా పెట్టావా?"

"నాకు పొయ్యి మీద పప్పున్నాది," అంటూ సింహాచలమ్మ పక్కనుంచి జారుకుంది.

పైడమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంది. "ఆపితే ఆగే పిల్లవేటి నువ్వు?"

"మరి ఇదంతా ఏంటి?"

తల్లి యార్డు వైపు చూసింది. అక్కడ ఖాళీ వేగన్లు తప్ప ఏమీ లేవు.

"నువ్వు పడిపోయిన్నాడు ఫోనొచ్చినాది. ఏక్సిడెంటు, ఆస్పత్రి అన్నారు. అంతే, కట్టయిపోనాది. మళ్లీ సేత్తే మోగదు. అప్పలసూరి బావ టేసనుకి తీసుకెల్లినాడు. ఏ దిక్కుకెల్లినాది పిల్ల అన్నాడు. నాకేటి తెల్సు? ఎప్పుడన్నా అడిగినానా? అడక్కూడదు గదా. టికెట్టు కిటికీలో బాబు, కహాఁ జానా హై, ఎక్కడికెల్లాల, కహాఁ జానా హై అంతన్నాడు. ఎనకాల లైను తిడతన్నాది. బళ్లు వత్తన్నాయి, పోతన్నాయి. ఏ బండెక్కాలో తెలక, ఆ ఫోను మళ్లీ మోగీ దాకా అలాగే నిలబడిపోనాను."

ఉమకి గుర్తున్నది వేరు. మర్నాడు వార్డులోకి వచ్చిన అమ్మ ముందుగా అడిగింది, తిన్నావా అని. ఆ ముఖం వెనక ఒక స్టేషనంతా ఉందని ఆమెకి తెలియదు.

"ఇంట్లోదాన్ని, నానడిగితే నీకు మరీ కీడు," అంది పైడమ్మ. "పైవోళ్లడిగితే ఇసుక్కునైనా సెప్తావు, అది నా సెవినేసుకుందావని ఆళ్ల సేత అడిగించినాను. నువ్వేమో బండి తిప్పుకుని వచ్చేత్తన్నావు. ముందెప్పుడన్నా తిప్పినావేటి?"

లేదు. ఎప్పుడూ తిప్పలేదు. కన్యాకుమారికి వెళ్లిన రోజు ఇదే అప్పలసూరి పొరపాటున అడిగితే, "నరకానికి మావా, వత్తావా?" అని గంట కొట్టుకుంటూ పోయింది. శకునాలు ఆమెకి నవ్వు. మరి ఇవాళ రెండుసార్లూ హ్యాండిల్ తిప్పుతుంటే చేతులు దూదిలా తేలికైపోయాయి. ఎవరో ఒకరు అడుగుతారా అని మలుపు దాకా తనే చూసుకుంటూ వెళ్లింది.

"నువ్వే అడుగు," అంది.

"ఏటి?"

"ఎక్కడికని. నువ్వే అడగమ్మా."

పైడమ్మ గోడమీద పైడితల్లమ్మ పటం వైపు ఒకసారి చూసింది. మరుగుతున్న నీళ్లలో వేలు పెట్టినట్టు అడిగింది.

"ఎక్కడికే?"

"హాతా. తర్వాత తిరింగ్. రాత్రికి రాయరంగ్‌పూర్. రేపు కరంజియా. ఆ తర్వాత కేంఝర్."

ఒక్కో ఊరినీ తల్లి పెదవులు మెల్లగా నమిలి మింగాయి. "ఆ తరవాత?"

"ఆ తర్వాత తెలీదు. గోపాల్‌పూర్‌లో సముద్రం ఉంది. ఏ దారిన పోతానో ఇంకా తెలీదు."

"తెల్నప్పుడు తెల్దనే సెప్పు. తెలిసినకాడ ఫోన్సెయ్యి."

"అడిగేశావుగా. మరి కూర్చోనా?"

"కూకోకు," అంది పైడమ్మ గబుక్కున. "ఇప్పుడు కూకుంటే మరి లెగవు. ఎల్లు, బేగెల్లు."

పర్సుడీ బజారు సందడి వెనకబడింది. సుందర్‌నగర్ దాటాక రోడ్డు పక్కన మోదుగలు ఆకుల్లేకుండా ఎర్రగా మండుతున్నాయి. మొదటి లారీ చప్పుడు వెనకనుంచి రాగానే ఉమ దిగిపోయింది. మట్టిలో నిలబడి దాన్ని పోనిచ్చింది. రెండోదానికీ దిగింది. ఇలాగైతే రాయరంగ్‌పూర్‌కి ఎప్పటికి చేరతానని తన మీద తనకే కోపం వచ్చింది. మూడోది వస్తుంటే పళ్లు బిగించి తెల్లగీత మీదే చూపు పెట్టింది. గాలి వచ్చి పక్కటెముకల్ని తోసింది. సైకిల్ ఊగింది. భుజం పాత నొప్పిని ఒక్కసారి పలికింది. లారీ వెళ్లిపోయింది. చక్రం ఇంకా గీత పక్కనే ఉంది. ఆమె నోటినుంచి అరుపో నవ్వో తెలియని ఒక శబ్దం వచ్చి, పొలాల మీదికి ఎగిరిపోయింది.

హాతా చౌక్‌లో టీ సగం తాగి, నిలబడే ఫోన్ చేసింది.

"హాతా వచ్చానమ్మా."

"అక్కడికి ఇక్కణ్ణించి రైలున్నాదేటి?"

"లేదు. ఆటోలు వస్తాయి."

"సరే, ఆటో. తిరింగుకి?"

"బస్సు."

"ఏ స్టాండులో?"

ఉమ ఫోన్ చెవికీ భుజానికీ మధ్య నొక్కి పట్టుకుని, ఒక కాలు పెడల్ మీద పెట్టి, అమ్మ ఏ స్టాండులో ఎక్కాలో, ఎక్కడ దిగాలో చెబుతూ ఉంది. మిగిలిన సగం టీ బల్ల మీద చల్లారిపోయింది.