వెనక వరుసలో సువార్త

మొన్న మార్కాపురంలో మా పొదుపు సంఘాల లీడర్లకు శిక్షణ పెట్టారు. పెళ్లాలను కొట్టే మగవాళ్లు ఫోన్లతో వాళ్లను ఎట్లా వెంటాడతారో చెప్పే శిక్షణ. మొగుడి దెబ్బలకు తాళలేక, బిడ్డను అత్తింట్లోనే వదిలి అర్ధవీడు నుంచి వచ్చిన సువార్త అప్పటికి వారంగా మా ఇంట్లో దాక్కుని ఉంది. ఒంటరిగా వదల్లేక వెంట తీసుకుపోయాను.

"ఫోటో కూడా మనం యాడుండేది చెప్తాదమ్మా" అంది పాఠం చెప్పే మేడం. అందరం తలలూపాం. టీ తాగాక, మీటింగు జరిగినట్టు పైవాళ్లకు చూపాలి కదా అని ఎప్పటిలాగే ఫోటో తీసి సంఘాల వాట్సాప్ గ్రూపులో పెట్టాను. ఫోటో కిందే వీధి పేరు, టైము వాటంతటవే పడ్డాయి. వెనక వరుసలో సువార్త ఉంది. గ్రూపులో ఆమె ఆడబిడ్డ ఉందని నాకు తట్టలేదు.

అన్నాలకు కూర్చునేసరికి బిడ్డను చంకనేసుకుని సువార్త మొగుడు గుమ్మంలో నిలబడ్డాడు. మేడం, నేను అడ్డం పోయాం.

"ఫోటో పెట్టి పిలిచినావు, మళ్లీ అడ్డమేంది పెద్దమ్మా?" అని నవ్వాడు.

బిడ్డ చేతులు చాచింది. సువార్త విస్తరి ముందు నుంచి లేచింది.

"నిన్ను నమ్మి వచ్చినా గదక్కా" అని మాత్రం అని, అతని వెంట పోయింది.

వచ్చిన రోజే ఆమె ఫోను ఆపించి బీరువాలో పెట్టిన తెలివిగలదాన్ని నేను. నా చేతిలో ఉన్న ఫోను సంగతి ఆలోచించలేదు. ఆమె ఫోను ఇంకా నా బీరువాలోనే ఉంది; ఆ ఆడబిడ్డకు ఎన్నిసార్లు చేసినా ఎత్తదు.