పోని రంగు

పండుగకు ఏం కొన్నారని ఇప్పుడు అడుగుతారు. ఆ రోజుల్లో మా ఇంట్లో ఏం దొరికిందని అడిగేవాళ్లం. గుమ్మడాకులు పక్కింటి పందిరి మీద, తంగేడు చెలకల గట్ల మీద, గునుగు బీడు భూముల్లో దొరికేవి. బతుకమ్మకు కావలసిన సరుకంతా దేవుడు ఊరి చుట్టే పెట్టాడని, తెచ్చుకునే తెలివి మాత్రం మనదేనని మా అవ్వ అనేది (మా దిక్కు అమ్మనే అవ్వ అంటాం). నాయిన పోయాక మా ఇల్లు ఆ తెలివి మీదే నడిచింది. ఈ ఎండాకాలంలో అవ్వ కూడా పోయింది. ఆమె గురించి నాలుగు మాటలు రాయాలని కూర్చుంటే పెద్ద మాటలు వస్తున్నాయి, వాటి మీద నాకు నమ్మకం లేదు. వాటిని పక్కన పెడితే మిగిలింది ఒక రంగు గొడవ. అదే రాస్తాను.

కొడకండ్ల దగ్గర మా ఊరు. నేను డిగ్రీ చదువుతున్నప్పుడు మా అక్కను మరిపెడలో ఇచ్చాం. వాళ్లది కిరాణా దుకాణం, గిరాకీ బాగా ఉన్నది. పెళ్లయ్యాక వచ్చే మొదటి బతుకమ్మకు ఆడపిల్ల తల్లిగారింటికి రావాలి. ఆ మాట అడగడానికి తొర్రూరులో బస్సు మారి మరిపెడ పోయాను. అక్క అత్తగారు గల్లాపెట్టె దగ్గర కూర్చొని ఉన్నది. మనిషి మంచిదే గాని, ఏ సరుకునైనా చేత్తో పట్టి చూడనిదే నమ్మే రకం కాదు. "పిల్లను ఉత్తగ పంప బిడ్డా. నేను గూడ వస్త. మీ ఊర్ల పండుగ ఎట్లుంటదో చూస్త. మంచిగుంటె ఏటేటా పంపుత. లేకుంటె మా ఇంట్లనే ఆడుకుంటది, గీడేమన్న పూలకు కరువా?" అన్నది. అక్క ఆ వెనకే పప్పు డబ్బా మూత బిగిస్తున్నది. ఆ మూత అప్పటికే బిగించి ఉన్నది.

ఇంటికొచ్చి అవ్వకు చెప్పాను. "వియ్యపురాలు ఎన్ని దినాలుంటదట?" అని అడిగింది. పండుగ ఆఖరి రోజు, సద్దుల బతుకమ్మ నాడు పొద్దున వచ్చి, తెల్లారి పోతుందని చెప్పాను. "ఒక్క దినమే గదరా? ఒక్క దినం మనం గూడ ఉన్నోళ్ల లెక్క ఉండొచ్చు తియ్యి" అన్నది. ఆ వారం అవ్వ చేసిన పనులు చూసి నాకు భయమేసింది. ఉన్న బట్టలనే చిక్కటి గంజిలో ముంచి, ఆరవేసి, మడతలు పరుపు కింద పెట్టి నన్ను దాని మీదే పడుకోబెట్టింది. పండుగ నాడు నా పాత అంగీ తొడుక్కుంటే కొత్త బట్ట లాగ ఫెళఫెళమన్నది (చేతులు పైకెత్తడం కష్టమైంది గాని, ఉన్నోళ్లు చేతులెత్తే పనులు చెయ్యరని సర్దుకున్నాను). ఇక బతుకమ్మకు నైవేద్యంగా పెట్టే సద్దులు. పొయ్యి మీద ఒక్క గంజులో బువ్వ వండి, ఐదు గిన్నెల్లోకి తీసి, ఒకదానికి చింతపండు, ఒకదానికి పెరుగు, ఒకదానికి నువ్వుల పొడి, ఒకదానికి పల్లీల పొడి, ఒకదానికి నిమ్మకాయ. బువ్వ ఒకటే, పేర్లు ఐదు.

మిగిలింది రంగు. గునుగు తెల్లటి పువ్వు. రంగు నీళ్లలో ముంచితేనే బతుకమ్మకు కళ. బజారులో రంగు పొట్లాలు ఉన్నాయి, కాని అవ్వ దృష్టిలో పువ్వుకు రంగు కొనడం నీళ్లకు తడి కొనడం లాంటిది. మా వాడకట్టులో నూలుకు రంగులద్దే పెద్దమనిషి ఒకాయన ఉండేవాడు. రంగుల కాక అనేవాళ్లం. ఆయన దగ్గర గాబులో అడుగున మిగిలిన రంగు అడిగి తెమ్మన్నది. పోయాను. వంకాయ రంగు, చిక్కగా ఉన్నది. "మంచిగుంటదా కాకా?" అన్నాను. ఆయనకు కోపమొచ్చింది. "మంచిగుండుడేంది బిడ్డా? గది పోదు. బట్ట చినుగుతది గని రంగు పోదు!" నేను ఆ మాటను పూర్ణకుంభంలా మోసుకొచ్చాను. "పోదట అవ్వా!" అవ్వ ముఖం వెలిగింది. "పోకుంటె మంచిదే గదా. మరిపెడోళ్లకు యాదికుంటది" అన్నది. సాయంత్రం నీళ్లలో కలిపే పువ్వుకు పోని రంగు ఎందుకన్న ప్రశ్న ఇన్ని పుస్తకాలు చదివిన నాకు రాలేదు. ఆమెకూ రాలేదు.

సద్దుల నాడు అక్క, ఆమె అత్తమ్మ వచ్చారు. అత్తమ్మ మీగడ రంగు నూలు చీర, జరీ అంచుది, మడత విప్పనిది కట్టింది. ఇల్లు చూసింది, నా అంగీ చూసింది, ఐదు గిన్నెల ముందు ఆగి, "గిన్ని తీర్లు చేసినవా వదినె?" అన్నది. "ఏదో మా అలవాటు" అన్నది అవ్వ, నేల చూస్తూ. బతుకమ్మను చూసి మాత్రం అత్తమ్మ నిజంగానే ఆగిపోయింది. తంగేడు పసుపు మధ్య వంకాయ రంగు గునుగు వరసలు నిగనిగలాడుతున్నాయి. అట్లాంటి రంగు ఊర్లో ఇంకే బతుకమ్మకూ లేదు. అక్క నా వైపు చూసి మొదటిసారి నవ్వింది. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కాని అవ్వ మర్యాదకు పోయి, "వదినె, నీ చేతులతోని ఎత్తుకో" అన్నది. అత్తమ్మ తాంబాలం నెత్తిన పెట్టుకొని ముందు నడిచింది.

కుంట దగ్గరికి పోయే తోవలో తుంపర మొదలైంది. ముందు ఒక చుక్క అత్తమ్మ ముక్కు మీద వంకాయ రంగులో నిలిచింది. తర్వాత నుదుటి మీద నుంచి ఒక గీత, చెంప మీద నుంచి ఇంకొకటి, మెడ దాకా. వెనక నడుస్తున్న వాళ్లందరూ చూశారు, ఎవరూ నోరు విప్పలేదు. ఆమె మాత్రం అందరూ తననే చూస్తున్నారని ఇంకా నిటారుగా నడిచింది. చివరికి మా వాడకట్టు ముసలమ్మ ఒకామె అవ్వను చూసి, "ఓ పిల్లా, మీ వియ్యపురాలు కాపుకొచ్చింది గదనే! నిగనిగ వంకాయే!" అని అరిచింది. అత్తమ్మ తాంబాలం దించి, చెయ్యి చూసుకొని, చీర భుజం చూసుకున్నది. అక్క ఏడుపు ఆపుకుంటున్నది. అవ్వ ముందుకు వచ్చింది. ఏదో ఒక అబద్ధం చెబుతుందనుకున్నాను. "బజార్ల రంగు కొనలేక నూలు రంగు తెచ్చిన వదినె. ఇట్లయితదనుకోలే" అన్నది. అత్తమ్మ, "కడుగుతె పోతది గదా?" అని అడిగింది. అవ్వ నా వైపు చూసింది. నేను తోవ పక్కన నిలబడ్డ రంగుల కాక వైపు చూశాను. ఆయన దూరం నుంచే, "పోదమ్మా!" అన్నాడు, ఇంకా గర్వంగానే.

బతుకమ్మను కుంటలో కలిపి వచ్చాక మా వాకిట్లో సబ్బు, శనగపిండి, నిమ్మచెక్క, చివరికి కిరసనాయిల్ గుడ్డ కూడా అయ్యాయి. ఏది రుద్దినా ముఖం మీది మట్టి పోయి రంగు ఇంకాస్త స్పష్టంగా కనిపించింది. అత్తమ్మ అద్దం పక్కన పెట్టి, "గీ మొకంతోని బస్సెట్ల ఎక్కాలె? గల్లా మీద కూసుంటె గిరాకంత ఉరుకుతది" అన్నది. అంటే తెల్లారి ఆమె పోదు. ఉన్నోళ్ల లెక్క ఒక్క దినం గడపడానికి మాత్రమే మా దగ్గర సరంజామా ఉన్నది. అవ్వ ఆ సంగతి పట్టించుకోలేదు. మరకపడ్డ చీరను చేతిలోకి తీసుకొని, "వదినె, ఒక్కకాడ అంటితె మరక. మొత్తం అంటితె రంగే గదా?" అన్నది. అత్తమ్మ చాలాసేపు ఆ మాటను చేత్తో పట్టి చూసినట్టే చూసింది. తర్వాత తల ఊపింది. తెల్లారి రంగుల కాక జరీ అంచు తడవకుండా గుడ్డతో చుట్టి, చీరంతా గాబులో ముంచి తీశాడు. అట్లాంటి చీర తన దుకాణం పక్కన బట్టల కొట్లో కూడా లేదని అత్తమ్మే అన్నది.

దసరా దాకా ఆమె మా ఇంట్లోనే ఉన్నది. దాచడానికి ఏమీ మిగల్లేదు. పరుపు కింద మడతలు చూసింది. పక్కింటి నుంచి తెచ్చిన తాంబాలం తిరిగి పోవడం చూసింది. మూడు పూటలు మా మామూలు తిండి తిన్నది. దసరా నాటి పొద్దున పొయ్యి దగ్గర కూర్చొని, "మొన్న గా ఐదు తీర్లు గీ ఒక్క గంజుల బువ్వనేనా వదినె?" అన్నది. "అవు" అన్నది అవ్వ. "మా ఇంట్ల ఐదు గంజులు పెడ్తం. తింటె ఐదు ఒక్క తీర్గనే ఉంటయ్" అన్నది అత్తమ్మ. ఆ తర్వాత ఇద్దరూ అక్క గురించి, ధరల గురించి, పోయిన వాళ్ల గురించి మాట్లాడుకుంటూనే ఉన్నారు. ఇల్లు చూపించాల్సిన పని తప్పాక అవ్వ కూడా హాయిగా మాట్లాడుతున్నదని గమనించాను.

దసరా సాయంత్రం అందరూ జమ్మి ఆకు చేతిలో పెట్టి, బంగారమని చెప్పి కలుసుకుంటారు. అత్తమ్మ వంకాయ రంగు చీర కట్టి, అదే రంగు చెంపలతో వచ్చి అవ్వ చేతిలో జమ్మి పెట్టింది. "బంగారం తీసుకో వదినె. పిల్లను ఏటేటా పంపుత" అన్నది. అవ్వ ఆ ఆకును కొంగున ముడి వేసుకున్నది. అత్తమ్మ అంతటితో ఆగలేదు. "గని రంగు మాత్రం మా దుకాణంల నుంచే పంపుత. మా సరుకు మీద భరోసా ఉంది, అది పోతది!" ఆ మాటకు అవ్వ నవ్విన నవ్వు ఇప్పటికీ నాకు వినిపిస్తుంది. నాయిన పోయాక ఆమె అట్లా నవ్వడం అదే మొదటిసారి.

ఇప్పుడు నాకు భూపాలపల్లి జిల్లా ఘనపూర్‌లో ఉద్యోగం. మనిషి పోయిన ఏడు ఇంట్లో పండుగ చెయ్యరు. ఈసారి అక్క రాదులే అనుకొని, ఆ మాటే చెప్పడానికి ఫోన్ చేశాను. ఎత్తింది అత్తమ్మ. ముసలిదైంది, చెవులు సరిగ్గా వినపడవు, మాట మాత్రం గట్టిగానే ఉన్నది. "ఏంది బిడ్డా, పండుగ లేదంటె పంపుడు బంద్ చేస్తనా? మీ అవ్వకు నేను పండుగకు పంపుత అన్ననా? ఏటేటా పంపుత అన్న. రేపు బస్సెక్కిస్తున్న, నువ్వు ఇంటికాడ ఉండు." పెట్టేసింది.

నేను ఆ సాయంత్రమే ఊరికి వచ్చాను. ఇంట్లో చెయ్యడానికి పండుగ లేదు, వండడానికి సద్దులు లేవు. అయినా ఊరికే ఉండలేక తెల్లారి వాకిలి ఊడ్చాను. ఎవరో పెద్దవాళ్లు చూడటానికి వస్తున్నట్టు మళ్లీ ఊడ్చాను. అక్క ఆటో దిగి వాకిట్లో నిలబడి, ఇటు నుంచి అటు దాకా చూసింది. "గింత మంచిగ ఊడుస్తవని ఎరుకైతె, అవ్వ నిన్ను కాలేజీకి తోలకపోతుండె గదరా" అన్నది. ఆమె చేతిలోని సంచి అందుకోవాలని చెయ్యి చాపాను. ఆ చేతిలో ఇంకా చీపురే ఉన్నది.