చప్పుడు లేని మోటారు

పోయిన వారం కుప్పంలో నేను పనిచేసే బట్టల ఫ్యాక్టరీలో కుట్టుమిషన్ల కింద మిగిలిన పాత క్లచ్ మోటార్లను కూడా విప్పేశాము. మెయింటెనెన్స్ సెక్షన్ వాణ్ణి గనుక విప్పడం నా పనే. చివరిదాని స్విచ్ ఆపాక కూడా ఆ హోరు వెంటనే పోలేదు, సన్నబడుతూ సన్నబడుతూ ఎక్కడ ఆగిందో తెలియకుండా ఆగింది. తోటివాళ్ళు దాని బరువు గురించి, అది తాగే కరెంటు గురించి మాట్లాడుకుంటూ ఉంటే నేను స్పానర్ పట్టుకుని ఊరికే నిలబడ్డాను. నాకు మదనపల్లెలో మా మామ అంగడి గుర్తుకొచ్చింది.

మామ అంటే మా అమ్మ తమ్ముడు. టమాటా మార్కెట్టుకు పోయే దారిలో, ఇంటి ముందు గదిలోనే, ఆయన లారీలకు టార్పాలిన్ పట్టలు కుట్టేవాడు. మాది పుంగనూరు, బడికి సెలవులిస్తే నన్ను అక్కడికే పంపేవాళ్ళు. ఆయన కుట్టే మిషన్ బెంగళూరులో మూతపడిన ఏదో ఫ్యాక్టరీ నుంచి వచ్చిన పాత ఇనప మిషన్, నల్ల రంగు పోయి చెయ్యి ఆనే చోటంతా తెల్లగా మెరిసేది. దాని బల్ల కింద వేలాడే క్లచ్ మోటారు గురించి ఈ కాలం వాళ్ళకు కొంచెం చెప్పాలి. స్విచ్ వేస్తే అది ఎవరు కుట్టినా కుట్టకపోయినా తిరుగుతూనే ఉంటుంది. కాలికింది పలకను తొక్కినప్పుడు మాత్రం ఆ తిరుగుడును మిషన్‌కు అందిస్తుంది. అందుకే పొద్దున అంగడి తెరిచింది మొదలు మూసేదాకా ఆ ఇంట్లో ఒకటే హోరు, అన్నాలు తినేటప్పుడు తప్ప.

లారీ పట్ట కుట్టడం ఒక్కరితో అయ్యే పని కాదు. మిషన్ ముందు ఒకరు కూచుని కుడుతుంటే, వెనకవైపు ఇంకొకరు నిలబడి ఆ బరువును సూది నడకకు తగినట్టుగా లాగాలి. మా మామ కుట్టేవాడు, మా అత్త లాగేది. పని జరిగినంతసేపూ ఇద్దరి మధ్యా ఒక్క మాట ఉండేది కాదు, ఒకరి ముఖం ఒకరు చూసుకునేవాళ్ళు కూడా కాదు. వీళ్ళు పోట్లాడుకుని మాటలు మానేశారేమో అని చిన్నప్పుడు చాలా రోజులు అనుకున్నాను.

నేను డిప్లొమా ముగించి కుప్పంలో చేరిన కొత్తల్లో మామకు పక్షవాతం వచ్చింది. చెయ్యి చాలావరకు తిరిగొచ్చింది, కుడికాలు సగమే వచ్చింది, మాట మాత్రం ముద్దగా తయారయింది. మంచి మాటకారి, మార్కెట్టు డ్రైవర్లతో సమానంగా ఎగతాళి చేసే మనిషి, తన నోటి నుంచి వచ్చే ఆ మాటను తానే వినలేక నలుగురిలో మాట్లాడటం మానేశాడు. ఆయనకు ఇక మిగిలింది మిషనే. క్లచ్ మోటారును లొంగదీసుకోవడమంతా పాదం సుతారంలో ఉంటుంది. ఆ కాలికేమో పూర్తిగా తొక్కడం, పూర్తిగా వదలడం తప్ప మధ్యది తెలియడం లేదు. ఒకసారి కుట్టు గీత దాటి పట్ట మీద అడ్డంగా పరుగెత్తింది. ఇంకోసారి సూది విరిగి ఆ ముక్క ఎగిరి ఆయన కనుబొమ్మను చీరింది. అప్పుడు అత్త స్విచ్ ఆపేసి నాకు ఫోన్ చేసింది.

“లేస్తానే వచ్చి మిషన్ కాడ కూచుంటాడప్పా. కుట్టేదానికి లేదు, లెయ్యమంటే లెయ్యడు. మనిషి ఊరికే అట్ల కూచోనుంటే నేను సూడలేకుండా ఉండాను. నువ్వు ఏమన్నా చేసేదానికయితాదేమో సూడు.”

చెయ్యదగ్గ పని నాకు స్పష్టంగానే కనబడింది. క్లచ్ మోటారు తీసి సర్వో మోటారు పెట్టాలి. అది తొక్కినప్పుడే తిరుగుతుంది, వదిలితే నిలుస్తుంది, ఎంత గట్టిగా తొక్కినా ఎంత వేగం దాటకూడదో దానికి ముందే చెప్పిపెట్టవచ్చు. ఆదివారం వెళ్ళి బల్ల కింద పడుకుని పాతదాన్ని దించాను, కొత్తదానికి బోల్టు రంధ్రాలు వేశాను, కాలిపలక కడ్డీని కత్తిరించి కలిపాను, చక్రం కుట్టేవాళ్ళ వైపుకే తిరుగుతున్నదా అని సరిచూశాను. ఒక్కటే లోటు కనిపించింది. నిదానంగా తిప్పితే పట్ట నాలుగు మడతలు పడే అంచు దగ్గర సూది దిగలేక మోటారు మూలిగి ఆగిపోతోంది. మరుసటి వారం పుంగనూరులో లేతు షాపులో ఇంకా చిన్న పుల్లీ తిప్పించి, దానికి తగిన బెల్టు వేసేసరికి ఆ బలమూ వచ్చింది.

మామను కూచోబెట్టి, గట్టిగా, భయం లేకుండా తొక్కమన్నాను. ఆయన కాలు పలక మీద ధన్‌మని పడింది. సూది మాత్రం పెద్దమనిషి నడిచినట్టు ఒక్కొక్క అడుగే వేస్తూ ఆ మడతల్లోంచి అవతలికి పోయింది. మామ కాలు తీశాడు, ఆగింది. మళ్ళీ వేశాడు, నడిచింది. పక్షవాతం వచ్చాక ఆయన నవ్వడం నేను చూసింది అప్పుడే, సగం నోటితో అయినా. పట్ట కోసం వచ్చి కూచున్న డ్రైవరు ఒకాయన, “ఏం మామా, మిషన్ మౌనవ్రతం పట్టిండాదే! కరెంటు ఉండాదా లేదా?” అని ఆటపట్టించాడు.

అసలు పట్ట ఎక్కించాక కష్టం మొదలైంది. అత్త వెనక నిలబడి ఎప్పటిలాగే లాగింది, సూది విరిగింది. వేరే సూది వేశాను, అదీ విరిగింది. సూది గుడ్డలో దిగి ఆగి ఉన్నప్పుడే ఆమె లాగుతోంది, నడుస్తున్నప్పుడేమో పట్టుకుని నిలుపుతోంది. ఇన్నేళ్ళ పనిలో ఆమెకు అలాంటి పొరపాటు జరగలేదు. సంగతేమిటో ఆమెకే అంతుపట్టక తన చేతులవైపు చూసుకుంది. కాసేపటికి, “నాకేమీ వినపడలేదప్పా,” అంది.

అప్పుడు గాని ముగ్గురికీ తెలియలేదు. మామ పలక తొక్కగానే పాత మోటారు హోరు కొంచెం లోతుకు దిగేది, కాలు తేలికపరచగానే పైకి లేచేది. ఆ తేడా సూది కంటే ఒక్క క్షణం ముందు ఆమె చేతులకు చేరేది. చెవితో వింటున్నట్టు ఆమె ఎన్నడూ అనుకోలేదు, మామ కూడా తాను చెబుతున్నట్టు అనుకోలేదు.

“పోనీ, నువ్వు నోటితో చెప్పుయ్యా. లాగు అను, సాలు అను. ఆ మాత్రం సాలు నాకు,” అంది అత్త, చాలా మామూలుగా.

మామ నోరు తెరిచాడు. డ్రైవరు అక్కడే ఉన్నాడు, నేనూ ఉన్నాను. పెదవి ఒక పక్కకు జారింది. మాట బయటికి రాకముందే నోరు మూసుకున్నాడు. పలకకు చిన్న దీపం కలుపుతాను, వెలిగితే లాగవచ్చు అని నేనంటే, లాగేటోళ్ళ కండ్లు గుడ్డ మీద ఉండల్ల గదప్పా అంది అత్త. ఆ మాటలు సాగుతుండగానే మామ లేచాడు. బల్ల పట్టుకుని కాలీడ్చుకుంటూ వెనక్కి నడిచి, అత్త చేతిలోని పట్ట అంచును తన ఎడమచేత్తో అందుకున్నాడు. ఆమె ఒప్పుకోలేదు, వదలలేదు. ఆయనా వదలలేదు. చివరికి అత్తే వచ్చి, ఆయన కాలికోసం నేను సరిచేసిన పలక మీద తన కాలు పెట్టింది.

ఆనాటినుంచి అత్త కుడుతోంది, మామ లాగుతున్నాడు. ఆమె పనంతసేపూ మాట్లాడుతూనే ఉంటుంది: “ఊ, లాగయ్యా... సాలు... ఈడ మడత ఉండాది, మెల్లగ.” ఆయన బదులివ్వడు. అంగడి నడుస్తోంది, కాబట్టి నేను చేసిన పని చెడిపోయిందని అనలేను, బాగుపడిందనీ అనలేను.

మోటార్లు విప్పిన ఆ వారమే, సెలవు రోజున, మదనపల్లెకు పోయి వచ్చాను. అత్త చెయ్యి ఇప్పుడు బాగా తిరిగింది, కుట్టు వంక లేకుండా వస్తోంది. టమాటా సరుకు వచ్చే అదను కావడంతో పట్టలు కుప్పగా పడి ఉన్నాయి. ఇంత నిదానం ఇక ఎందుకు, వేగం కొంచెం పెంచిపోతాను, ఒక్క నిమిషం పని అన్నాను.

“యాల? వద్దులేప్పా,” అంది అత్త తల ఎత్తకుండా. “మీ మామకు అందల్ల గదా.”

ఆమె ప్రేమతోనే అంది. మామ పట్ట అంచును నేల మీద పెట్టి, బయటికి నడిచాడు. అత్త పలక మీద నుంచి కాలు తీసింది, మోటారు ఆగింది, గదిలో ఏ చప్పుడూ లేదు. ఆయన చెప్పు మెట్టు మీద ఈడ్చుకోవడం, ఆగడం, గోడకు ఆనుకుని వదిలిన ఊపిరి, అన్నీ లోపల కూచున్న మా ఇద్దరికీ స్పష్టంగా వినపడ్డాయి. పాత మోటారు తిరిగే రోజుల్లోనూ ఆ ఇంట్లో ఇలాంటివి జరిగే ఉంటాయి. అప్పుడు ఎవరికీ వినపడేవి కావు.