అనుమతితో సోదా

2008 మార్చిలో మిషిగన్‌లో, డెట్రాయిట్ శివార్లలోని ఒక చిన్న నగర పోలీసు శాఖలో డేటా అనలిస్ట్‌గా చేరాను. అంతకుముందు విజయనగరంలో స్టాటిస్టిక్స్ లెక్చరర్‌ని. ఇక్కడ నాది ఏడాదికోసారి పొడిగించే కాంట్రాక్టు ఉద్యోగం. పై అధికారి ఒక లెఫ్టినెంటు. మన లెక్కలో సర్కిల్ ఇన్‌స్పెక్టరు అనుకోవచ్చు.

రోడ్డు మీద కారు ఆపిన ప్రతిసారీ ఆఫీసరు ఒక కార్డు నింపాలి. ఎక్కడ, ఎప్పుడు, ఎందుకు ఆపాడు, డ్రైవరు ఏ జాతి, సోదా చేశాడా, ఏమైనా దొరికిందా. డ్రైవరు పేరు ఉండదు. సోదాకి మూడు కోడ్‌లు: తగిన ఆధారంతో చేస్తే ఒకటి, అరెస్టు తర్వాత చేస్తే రెండు, డ్రైవరు అనుమతితో చేస్తే మూడు.

రెండో ఏడాది, నల్లవాళ్ల కార్లనే ఎక్కువగా వెతుకుతున్నారని ఫిర్యాదులు రావడంతో నగర కౌన్సిల్ నివేదిక అడిగింది. కార్డులన్నీ కలిపి చూస్తే ఫిర్యాదు నిజమే. పైగా వెతికినప్పుడు నిషిద్ధ సరుకు దొరకడం తెల్లవాళ్ల కార్లలోనే ఎక్కువ. సోదాల్లో తేడా దాదాపంతా మూడో కోడ్‌లోనే ఉంది. లెఫ్టినెంటు ఆ కోడ్ కార్డులను నివేదికలోంచి తీసేయమన్నాడు. డ్రైవరే సరేనన్నాక అది ఆఫీసరు నిర్ణయమెలా అవుతుందని ఆయన వాదన. నాకూ సబబుగానే తోచింది. తీసేశాను. తేడా ఇంచుమించు మాయమైంది.

ఆ చిత్తుప్రతిని ప్రింటరు దగ్గర డెనీస్ చూసింది. ఆమె డిస్పాచర్, అంటే గస్తీ కార్లకు రేడియోలో కబురు అందించే ఉద్యోగి. నల్లజాతి మనిషి, ఇరవై ఏళ్ల సర్వీసు. అంతకు కొన్ని వారాల కిందట, ఒక ఆదివారం చర్చి నుంచి వస్తుంటే తననూ ఆపారని, ఆ కార్డు ఇందులో ఉందా అని అడిగింది. చోటు, సమయం పట్టుకుని వెతికాను. మూడో కోడ్. ఏమీ దొరకలేదని రాసి ఉంది.

మీరు ఒప్పుకున్నారా అని అడిగాను.

"తుపాకీ మీద చెయ్యి పెట్టుకుని, చూస్తే అభ్యంతరం లేదుగా అంటే నువ్వయితే ఏమంటావు? తలూపాను," అంది. "సామానంతా రోడ్డు పక్కన పెట్టాక, ఇక సర్దుకోవచ్చా అని అడిగాను. అప్పుడు గుర్తుపట్టాడు, గొంతు విని. రోజూ రేడియోలో నేను దారి చెప్పేది అతనికే."

ఫిర్యాదు చేయలేదట. మర్నాడు మళ్లీ అతనితోనే మాట్లాడాలి కదా అంది.

ఇంటికొచ్చి మా వారితో చెప్పాను. "రెన్యూవల్ ముందు పెట్టుకుని ఈ ఇష్యూ నీకెందుకు? ఆయన చెప్పినట్టు సబ్మిట్ చేసెయ్," అన్నారు. ఆయన కార్ల కంపెనీలో అప్పుడే మనుషుల్ని తీసేస్తున్నారు. ఆయన భయం అర్థం లేనిది కాదు. రెండు రోజులు ఆలోచించాను.

మూడో రోజు రెండు పట్టికలు పెట్టాను: ఒకటి మూడో కోడ్ లేకుండా, ఒకటి దానితో కలిపి. రెండోది తీసేయాలంటే నివేదిక మీద నా పేరు కూడా తీసేయమని లెఫ్టినెంటుతో అన్నాను. ఆయన చాలాసేపు కాగితాలు తిరగేసి, రెండో పట్టికను చివరి పేజీకి జరిపి పైకి పంపాడు.

కౌన్సిల్లో ఒకావిడ ఆ చివరి పేజీ చదివింది. ఆమె పట్టుబట్టడంతో కొత్త నియమం వచ్చింది: కాదనే హక్కు ఉందని డ్రైవరుకు ముందే చెప్పి, కాగితం మీద సంతకం తీసుకున్నాకే సోదా. మూడో కోడ్ కార్డులు బాగా తగ్గిపోయాయి. అసలు కారు ఆపడంలో ఉన్న తేడా మాత్రం నేనున్నన్నాళ్లూ అలాగే ఉంది. ఆ నివేదిక తర్వాత నా కాంట్రాక్టు ఇంకొక్కసారే పొడిగించారు. తర్వాత నీటి సరఫరా విభాగంలో చేరి, అక్కడే రిటైరయ్యాను.

నేను వేసిన మొదటి పట్టికలో ఒక్క అంకె కూడా తప్పు లేదు. నివేదిక మాత్రం తప్పు. అనుమతి అని రాసి ఉన్నచోట, అడిగినవాడి చెయ్యి ఎక్కడుందో కార్డు చెప్పదు. దాన్ని మనిషినే అడిగి తెలుసుకోవాలి. నేను అడగలేదు; ఆమే వచ్చి చెప్పింది.