నిండు పువ్వు బొంత

మా మేనత్త కత్తెర పట్టే ముందు గుడ్డను నేల మీద పరిచి, దాని చుట్టూ నాలుగు సార్లు తిరిగేది. ఆ కరువు ఏడాది అమ్మకు నెలలు నిండుతుంటే, పుట్టబోయే బిడ్డ బొంత కోసం ధర్మవరం నుంచి పూల చీటిగుడ్డ తెచ్చింది. దాని మీద పళ్లెమంత ఎర్ర పువ్వులు.

"దినాలు దగ్గరపడినాయి. అందరి మాదిరే చిన్న ముక్కలు చేసి అతికేయ్" అంది మా అవ్వ.

"వాన్లే లేని ఈ నేల మింద ఇంత పువ్వు యాడన్నా పూసిందా అమ్మా? దీన్నీ నరకమంటావా?"

ఒక నిండు పువ్వును నడుమ పెట్టి, చుట్టూ పాత పంచె పట్టీలు వేసి, సాయంత్రానికే కుట్టేసింది.

తమ్ముణ్ణి చూడడానికి ఆడవాళ్లు వచ్చినప్పుడల్లా, అత్త వాణ్ణి మెల్లగా బొంత అంచుకు జరిపేది.

"వాడు యాడికీ పోడు. ముందు పువ్వు చూడండక్కా!"